విద్యార్థిగా వచ్చి ఆచార్యుడైన ఫిడేలు నాయుడుగారు

విశాఖపట్నంలో పెరిగిన ఒక కుర్రవాడికి బడిలో నల్లబల్లమీద అక్షరాలు సరిగా కనిపించేవి కావు. చూపు మందం. ఆ రోజుల్లో దానికి తగిన వైద్యమూ లేదు, అటువంటి పిల్లలకు వేరే బళ్ళూ లేవు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. చదువు లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే బ్రతుకు ఎలా అన్నది ఇంట్లో అందరికీ బెంగ. ఆ కుర్రవాడే తరువాత సంగీత కళానిధి, పద్మశ్రీ బిరుదులు పొంది, దేశమంతటా ఫిడేలు నాయుడుగారిగా పేరు గడించిన ద్వారం వెంకటస్వామినాయుడు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు బెంగుళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో ఉద్యోగి. ఆ ఉద్యోగరీత్యా బెంగుళూరులో పుట్టినా, నాయుడుగారు పెరిగింది, సంగీతం నేర్చింది విశాఖపట్నంలోనే. అన్నగారు వెంకటకృష్ణయ్యకు ఫిడేలు వచ్చు. బడి మానేసిన తమ్ముణ్ణి ఖాళీగా కూర్చోబెట్టకుండా ఆయన చేతికి ఫిడేలు ఇచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెప్పారు. నాయుడుగారికి తొలి గురువు ఆయనే.

ఫిడేలుకు చూపుతో అంతగా పనిలేదు. చెవి ఉండాలి, చేయి సాగాలి. వీణకు ఉన్నట్టు దీనికి మెట్లు ఉండవు. ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో తీగమీద గుర్తు ఏమీ ఉండదు. వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. కంటితో చూసి వాయించే వాద్యం కాదు కాబట్టే, చూపు చాలని ఆ కుర్రవాడికి అది చక్కగా అమరింది. గంటలకొద్దీ సాధన చేశాడు. చదువు పోయిందని బెంగపడిన ఇంట్లోనే సంగీతం నిలబడింది.

పరాయి వాద్యం, మన సంగీతం

ఫిడేలు మన దేశపు వాద్యం కాదు. సుమారు రెండు వందల ఏళ్ళ క్రిందట తెల్లవారి బ్యాండు మేళాలతో ఇక్కడికి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతానికి అనువుగా మలిచారని పెద్దలు చెబుతారు. దొరలు నిలబడి, గడ్డం క్రింద ఆనించి వాయిస్తారు. మనవారు నేలమీద చాపపై కూర్చుని, ఒక కొన గుండెకు, రెండవ కొన పాదానికి ఆనించుకుని వాయిస్తారు. అలా పట్టుకుంటే ఎడమ చేయి తీగలమీద పైకీ క్రిందికీ స్వేచ్ఛగా జారుతుంది. మన రాగాలకు ప్రాణమైన గమకాలు అప్పుడే పలుకుతాయి.

అయితే ఎంత బాగా వాయించినా కచేరీలో ఫిడేలుది రెండో స్థానమే. పాటకుడు పాడినదాన్ని వెన్నంటి వాయించాలి. ఆయన ఆగితే ఆగాలి, ఆయన సాగితే సాగాలి. వీణకు, వేణువుకు, నాదస్వరానికి విడిగా కచేరీలు ఉండేవి. ఫిడేలు ఒక్కటే వేదికమీద ముందు కూర్చోవడం అరుదు. నాయుడుగారు పేరున్న గాయకులకు ప్రక్కవాద్యం వాయిస్తూనే, ఈ వాద్యం తనంతట తానే పాడగలదని నమ్మారు. పాశ్చాత్య విద్వాంసులు కమాను నడిపే తీరును ఆయన శ్రద్ధగా గమనించారు. వారి ఒడుపు తీసుకున్నారు గాని వారి సంగీతం మన సంగీతంలో కలపలేదు. కమానును నిదానంగా, పొడుగ్గా లాగడంలో, ఒత్తిడి హెచ్చించి తగ్గించడంలో ఆయన తనదైన బాణీ ఏర్పరచుకున్నారు. ఆయన ఫిడేలు వింటుంటే గాత్రం విన్నట్టే ఉండేదని విన్నవారు చెప్పుకునేవారు.

విజయనగరం పిలుపు

1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిసింది. విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ కళాశాల పుట్టుకకు ఒక కారణం చెబుతారు. మహారాజావారి కొలువులోని చాగంటి జోగారావు కుమారుడు గంగబాబుకు కళ్ళు లేవు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచన వచ్చింది. ఒక్కడికే ఎందుకు, పదిమందికీ ఉపయోగపడేలా ఒక కళాశాలే పెడదామని విజయరామ గజపతిరాజు తలచారట. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షులు.

ఆ కబురు విశాఖపట్నం చేరింది. నాయుడుగారికి అప్పటికి పాతికేళ్ళు దాటాయి. ఇంకా నేర్చుకోవాలన్న కోరికతో విద్యార్థిగా చేరడానికి విజయనగరం వెళ్ళారు. దాసుగారి ఎదుట ఫిడేలు వాయించారు. దాసుగారు సామాన్యులు కారు. తాళ లయల్లో, సాహిత్యంలో ఆయన ముందు నిలిచేవారు తక్కువ. ఒకరిని మెచ్చుకోవడం ఆయనకు అంత తేలిక కాదు. అటువంటి దాసుగారు ఈ యువకుడికి నేర్చుకునే అవసరం లేదని, నేర్పగల శక్తి ఉందని గ్రహించారు. విద్యార్థిగా చేరబోయిన మనిషి ఫిడేలు ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. ఈ ముచ్చట ఉత్తరాంధ్రలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే.

చూపు చాలక బడి మానిన మనిషికి, చూపు లేని పిల్లవాడి కోసం తలపెట్టిన కళాశాలలోనే కొలువు దొరికింది. బెంగపడిన ఇంటికి అంతకన్నా ఊరట ఏముంటుంది?

నాయుడుగారు పదిహేడేళ్ళు ఆచార్యుడిగా పనిచేశారు. 1936లో నారాయణదాసు తరువాత కళాశాల అధ్యక్షులయ్యారు. ఊరూరా కచేరీలు చేస్తూనే శిష్యులను తయారుచేశారు. ఆయన దగ్గర నేర్చినవారిలో నూకల చిన సత్యనారాయణ గాత్ర విద్వాంసుడిగా దేశ ప్రసిద్ధి పొందారు. కుమార్తె ద్వారం మంగతాయారు కూడా తండ్రి బాణీలో ఫిడేలు విదుషీమణిగా పేరు తెచ్చుకున్నారు. తెలుగువారి ఇంటింటా పాటగా నిలిచిన ఘంటసాల వెంకటేశ్వరరావు చదువుకున్నదీ ఈ కళాశాలలోనే.

ఫిడేలుకు పెద్దపీట

1938లో వెల్లూరులో నాయుడుగారు ఫిడేలు ఒక్కటే ప్రధానంగా కచేరీ చేశారు. గాయకుడు లేడు. ముందు కూర్చున్నది ఫిడేలు. వెనుక తంబురా, ప్రక్కన మృదంగం. వచ్చినవారు ఫిడేలునే పాటగా విన్నారు. ఆ తరువాత ఆయన ఇటువంటి కచేరీలు అనేకం చేశారు. ప్రక్కవాద్యం అనుకున్నది ప్రధానవాద్యమై కూర్చుంది. తంబురా అంటే ఆయనకు ప్రత్యేకమైన గౌరవం. దాని నాదంలోని విశేషాలపై వ్యాసం కూడా వ్రాశారు. శ్రుతి శుద్ధి లేనిదే ఎంత విద్య ఉన్నా వృథా అన్నది ఆయన నడిచిన దారి.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో అంతకు మించిన గౌరవం లేదని విద్వాంసులు భావిస్తారు. మద్రాసు సభల్లో ఒక తెలుగు ఫిడేలు విద్వాంసుడికి ఆ పీట దక్కడం ఈ ప్రాంతానికంతటికీ గర్వకారణమైంది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ప్రపంచ ప్రసిద్ధి పొందిన పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో జస్టిస్ పి.వి.రాజమన్నార్ ఇంట నాయుడుగారి వాద్యం విని ఆశ్చర్యపోయారు. తమ దేశాలనుంచి వచ్చిన వాద్యం, నేలమీద కూర్చున్న ఒక తెలుగువాని చేతిలో ఇలా పలకడం ఆయనకు కొత్త.

పేరు ఎంత వచ్చినా నాయుడుగారు ఆడంబరం ఎరుగరు. వేదికమీద కూర్చుంటే తల వంచి, కళ్ళు సగం మూసి, తన వాద్యమే తాను వింటున్నట్టు వాయించేవారు. మెప్పుకోసం వేగం చూపించడం, తీగలమీద గారడీ చేయడం ఆయన బాణీ కాదు.

1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. ఆయన పాఠం చెప్పిన విజయనగరం కళాశాల 2019లో నూరేళ్ళు పూర్తి చేసుకుంది. ఫిడేలు ఒక్కటే వేదికమీద ముందు కూర్చుంటే ఈనాడు ఎవరూ వింతగా చూడరు. గాయకుడు ఏడీ అని అడగరు. ఆ మార్పు తెచ్చినవారిలో ముందు వరుసలో నిలిచినవాడు, నల్లబల్ల కనిపించక బడి మానిన విశాఖపట్నం కుర్రవాడు. పిల్లవాడికి ఒక దారి మూసుకుపోయిందని దిగులుపడే తల్లిదండ్రులు, తమ్ముడి చేతికి ఫిడేలు ఇచ్చిన ఆ అన్నగారిని ఒక్కసారి తలుచుకోవాలి.