పేటెంటు పత్రమున కానరాని పేరు

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతముల ఔషధ కర్మాగారములలో పేటెంటు అను మాట నిత్యవ్యవహారము. తెలుగువారిలో విశ్వవిఖ్యాతుడైన ఔషధ పరిశోధకుని జీవితమున ఆ మాటకు గల చోటు విచిత్రమైనది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసివచ్చెను. పిమ్మట మామగారి ధనసాహాయ్యమున అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి, కండరములకు శక్తినిచ్చు పదార్థములను వెల్లడించిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారిరి. 1945లో ఫోలిక్ ఆమ్లపు కృత్రిమ నిర్మాణము, 1947లో బోదకాలునకు హెట్రజాన్, ఆయన నడపిన బృందముల కృషిఫలములే.

ఆయన పరిశోధనాధిపతిగా నున్న కాలముననే అచ్చట డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మంటిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. 1948 ఆగస్టులో సుబ్బారావు మరణించిరి. మరుసటి యేడు సెప్టెంబరులో పేటెంటు డగ్గర్ పేర వెలువడెను. హక్కు కంపెనీకి చెందెను. ఇందు అన్యాయమేమియు లేదు. పేటెంటు పరీక్షకుడు విచారించునది వస్తువు క్రొత్తదా, ఉపయుక్తమా, కనుగొన్నవారెవరు మొదలగు సంగతులను. పరిశోధన నడపినవానికి ఆ పత్రమున గడి యుండదు.

1953లో హెసెల్టైన్ అను శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త బూజుజాతికి సుబ్బరోమైసిస్ అని పేరిడెను.