కరవు లెక్క, కాలువ లెక్క: సర్ ఆర్థర్ కాటన్ జీవితము

తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు గోదావరి కాలువయు, బెజవాడ నుండి వచ్చు కృష్ణా కాలువయు ఏలూరిలో కలిసికొనును. ఆ పట్టణమునకు దక్షిణమున, రెండు డెల్టాల నడిమి పల్లములో కొల్లేరు సరస్సున్నది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వాననీటిని, పొలముల నుండి దిగు మురుగునీటిని అది తనలో నింపుకొని ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు విడుచును. ఈ కాలువగట్ల మీద పెరిగిన బాలునకు ఆ నీరు అనాదిగా అచటనే యున్నదని తోచుట సహజము. కాని ఆ నీటికి వయస్సున్నది. తెచ్చినవారికి పేరున్నది. అందుకైన వ్యయమునకు లెక్కయున్నది. ఆ లెక్కను పాలకులకు ఒప్పించుటలోనే సర్ ఆర్థర్ కాటన్ జీవితమున చాల భాగము గడచెను.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. హెన్రీ కాల్వెలీ కాటన్ కుమారులు పదునొకండుగురిలో ఆయన పదవవాడు. చిన్ననాడే ఈస్టిండియా కంపెనీవారి అడిస్కూంబు సైనిక పాఠశాలలో చేరి, 1819లో ఇంజనీరు దళమున ఉద్యోగము పొంది, 1821లో చెన్నపట్టణము చేరెను. మొదట చెరువుల శాఖలో పని నేర్చెను. బర్మా యుద్ధమునకు పోయి వచ్చిన పిమ్మట కావేరి సీమలో నియుక్తుడయ్యెను. అచట ఇసుకపై నిలిచియున్న చోళుల నాటి కల్లణ ఆయనకు గురువయ్యెను. గట్టి రాతి పునాది దొరకని నదిలో సైతము కట్ట నిలుచునని ఆ ప్రాచీన శిల్పుల వలననే తాను నేర్చితినని కాటన్ దాపరికము లేక ఒప్పుకొనెను. 1836లో కొల్లడము నదికి ఆనకట్టలు కట్టి తంజావూరు పొలములను కాపాడెను.

ఆ కాలముననే తెలుగుదేశము నందన కరవు వాత పడెను. 1832, 1833 సంవత్సరములలో వానలు కురియలేదు. గుంటూరు సీమలో ఐదు లక్షల జనములో రెండు లక్షల మంది మరణించిరి. అన్నము వెదకుచు చెన్నపట్టణపు బాట పట్టినవారిలో అనేకులు బాట ప్రక్కనే ప్రాణములు విడిచిరి. కృష్ణా గోదావరులు మాత్రము ఏటేట తమ వరదను సముద్రము పాలు చేయుచునే యుండెను. రాజమహేంద్రవరము జిల్లాయు క్షీణించెను. 1821 ప్రాంతమున 7 లక్షల 38 వేలుగా నున్న అచటి జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గినట్లు దొరతనమువారి లెక్కలే చెప్పుచున్నవి.

జనము తగ్గిన శిస్తు తగ్గును. శిస్తు తగ్గిన లండనులోని కంపెనీ డైరెక్టర్లకు చింత పుట్టును. జిల్లా దుస్థితికి కారణములు విచారించుటకు సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమించిరి. ఆయన 1844లో నివేదిక సమర్పించి, నీటి వసతి కల్పించుటయే ఉపాయమని తేల్చెను. అనారోగ్యముచే సెలవు గడపి వచ్చి విశాఖపట్టణమున నున్న కాటన్‌కు ఆ పని పరిశీలించు భారము లభించెను. ఆయన గోదావరి పాయలను, లంకలను, మెరక పల్లములను చూచి తన నివేదికలను పంపెను. కావేరి నీటిచే తంజావూరు ఎట్లు సుఖించుచున్నదో, గోదావరి నీరుండియు ఈ సీమ ఎట్లు దుఃఖించుచున్నదో అంకెలతో పోల్చి చూపెను. 1846లో అనుమతి వచ్చెను.

1847లో ధవళేశ్వరము వద్ద పని ఆరంభమయ్యెను. కొండ నుండి రాయి తీయువారు, సున్నము కాల్చువారు, వడ్రంగులు, కమ్మరులు, తట్ట మోయు స్త్రీ పురుషులు వేలకొలది కూడిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకలను కలుపుచు, సుమారు రెండుంబావు మైళ్ల రాతికట్ట లేచెను. వరదలు లేని నెలలలోనే పని సాగవలెను. మిగిలిన నెలలలో నది తెంపినంత తెంపును. 1848లో కాటన్ ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియాకు సెలవుపై పోగా కెప్టెన్ ఓర్ పనిని నడపెను. 1850లో కాటన్ తిరిగివచ్చెను. కూలీలను సమకూర్చి పని చేయించుటలో వీణెం వీరన్న చూపిన దక్షత అసాధారణమైనది. ఆయనకు రాయ్ బహద్దూర్ బిరుదము లభించెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

ఈ పనిని కేవలము రాతికట్టగా చూచిన సగమే చూచినట్లు. కరవునాడు గంజి పోయుట దానము. మంచినాడు కూలి యిచ్చి కాలువ త్రవ్వించుట, రాబోవు కరవునకు ముందుగా చేసిన ఏర్పాటు. ఆ కూలి నేడు ఒక కుటుంబమును పోషించును; ఆ కాలువ రేపు ఒక సీమను పోషించును. కాటన్ పట్టుదలకు మూలమిదియే.

విజ్జేశ్వరము నుండి బయలుదేరిన కాలువలు పశ్చిమ డెల్టాను తడిపినవి. బెజవాడ వద్ద ఓర్ పర్యవేక్షణమున కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తి కాగా, అటనుండి వచ్చిన కాలువయు ఏలూరు చేరెను. లాకుల మీదుగా పడవలు ధాన్యమును, ఉప్పును, కలపను, ప్రయాణికులను మోసినవి. రైలు వచ్చువరకు ఏలూరునకు అదియే రాజబాట.

కాని ఈ కథకు రెండవ వైపు గలదు. కాటన్ అంచనాలు పలుమారు అసలు వ్యయమునకు తక్కువగా తేలెడివి. గోదావరి విషయమునను ఖర్చు అంచనాను మించెను. అచట ఫలము అధికమగుటచే ఆ తప్పు మరుగున పడెను. కర్నూలు కడప కాలువ యెడల అట్లు జరుగలేదు. 1863లో ఒక ప్రైవేటు కంపెనీ పది లక్షల పౌనుల మూలధనముతో, ఐదు వంతుల వడ్డీకి దొరతనమువారు పూచీపడగా, తుంగభద్ర నుండి ఆ కాలువ త్రవ్వించెను. నల్లరేగడి రైతులు ఆ నీటిని ఆశించినంతగా వాడుకొనలేదు. కంపెనీ నష్టపడెను. తుదకు 1882లో దొరతనమువారే కాలువను కొనవలసివచ్చెను. ఇట్టి పథకములను ప్రోత్సహించినవారిలో కాటన్ ముఖ్యుడు. ప్రజల సొమ్ము వ్యయమగునపుడు లెక్క యడుగుట తప్పు కాదని ఈ యుదాహరణమే చాటుచున్నది.

1860లో కాటన్ ఉద్యోగము విరమించెను. 1861లో సర్ బిరుదము వచ్చెను. పిదప 1876లో ధాతు కరవు దాపురించెను. రెండేండ్లలో దక్షిణ భారతమున ఏబది లక్షలకు పైగా జనులు నశించిరి. కృష్ణా గోదావరి డెల్టాలు మాత్రము తాము బ్రదికి, ఇతర సీమలకు ధాన్యము పంపినవి. చెన్నపురి రాజధానిలోని కరవు పనులను తనిఖీ చేయుటకు వైస్రాయి లిట్టన్ 1877లో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపెను. ఆయన ముఖ్యోద్దేశము వ్యయము తగ్గించుట. మొద్దు పని చేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, స్వల్ప పైకమును చాలునని నిర్ణయించెను. కరవు పనుల పట్టికలనుండి వేలకొలది పేర్లు తొలగినవి. అంత తక్కువ తిండితో కాయకష్టము చేయువాడు బ్రదుకజాలడని చెన్నపురి ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని మాసములకు కూలి పెంచిరి. ఈ నడుమ గడచిన దినములు మాత్రము తిరిగి రాలేదు. ఇదియు తనిఖీయే. కాని ఇది రూకలను మాత్రమే లెక్కించి ప్రాణములను లెక్కించని తనిఖీ.

1878లో కామన్సు సభ భారతదేశపు ప్రజాపనులను గూర్చి విచారణ సంఘమును నియమించెను. దాని యెదుట కాటన్ తన 75వ యేట నిలిచెను. గోదావరి ఆనకట్ట కట్టి అప్పటికి 26 ఏండ్లు గడచినవి. రైళ్లపై పోయు ధనములో కొంత జలమార్గములకు, సేద్యపు కాలువలకు వెచ్చించిన కరవులను అడ్డగింపవచ్చునని ఆయన వాదము. సభ్యులు ప్రశ్నలపై ప్రశ్నలు వేసిరి. డెల్టా కాలువలు లాభకరములని సంఘము అంగీకరించెను. ఆయన విస్తృత పథకమును మాత్రము ఆమోదింపలేదు. కర్నూలు నష్టము వారి కన్నుల యెదుట నుండెను. తట్ట మోసిన కూలివాని మాటకు, కరవున బిడ్డను పోగొట్టుకొన్న తల్లి మాటకు ఆ దూరపు సభలో తావు లేకుండెను.

అయినను ఆ చర్చ వృథా కాలేదు. 1880లో కరవు కమిషను నివేదిక వెలువడెను. కరవున శక్తిగలవారికి పని కల్పించుట, లేనివారిని ఉచితముగా పోషించుట దొరతనపు బాధ్యతయని అది నిర్ణయించెను. తదుపరి కరవు నిబంధనలు ఏర్పడెను. కాటన్ తన శేషజీవితమును డార్కింగులో వ్యవసాయ ప్రయోగములతో గడపుచు, లోతుగా దున్నిన నేలలో గోధుమ పండించుచు, 1899 జూలైలో 96 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.

పాత ఆనకట్ట స్థానమున 1982లో పూర్తియైన బ్యారేజీకి ఆయన పేరు పెట్టిరి. గోదావరి స్నాన సంకల్పమున ఆయనను స్మరించు ఆచారము సైతము ఏర్పడెను. కాని కాలువ లెక్క నేటికిని ముగియలేదు. తెచ్చిన నీటికి పోవు దారియు కావలెను. 1964 వరదల అనంతరము డెల్టాల మురుగు పారుదలను పరిశీలించుటకు ప్రభుత్వము మిత్రా సంఘమును నియమించెను. కొల్లేటి పల్లెలకు ఆ దారి చాలని యేడు గండమే. పని లెక్కయు కొత్త రూపము దాల్చెను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభమయ్యెను. పిదప ఆంధ్రప్రదేశమున కూలీల యెదుటనే మస్టరు పట్టికలు చదివి వినిపించు సామాజిక తనిఖీ సాగెను. టెంపుల్ నాడు పట్టికలోని పేరు మాత్రమే అయినవాడు ఇందులో ప్రశ్నించువాడయ్యెను.

పాలకుడు లెక్క యడుగవలసినదే. కాటన్ వంటివాడును లెక్క చెప్పవలసినదే. అయితే ఆ లెక్కలో కాలువ చివరి పొలమునకు నీరందెనా, పట్టిక చివరి పేరుగల కూలికి అన్నమందెనా యను రెండు వరుసలు లేనిచో, మిగిలిన అంకెలన్నియు సరిపోయినను ఆ లెక్క తప్పే.