ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్

ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్ (జనవరి 15, 1864 - మే 16, 1952) అమెరికాకు చెందిన ప్రముఖ ఛాయాచిత్రకారిణి. ఆ దేశంలో ఫోటోగ్రఫీని వృత్తిగా స్వీకరించి పేరుగడించిన తొలితరం మహిళలలో ఈమె ఒకరు. అధ్యక్షుల చిత్రాలు తీసిన వ్యక్తిగా ఈమె పేరు ఎక్కువగా వినిపించినా, దక్షిణాది రాష్ట్రాలలో శిథిలమైపోతున్న పాత కట్టడాలను చిత్రీకరించి భద్రపరచడమే ఈమె చేసిన అసలైన సేవ. ఆ పనికి పూనుకొనేనాటికి ఈమె వయస్సు అరవై దాటింది.

తొలి జీవితం

జాన్‌స్టన్ పశ్చిమ వర్జీనియాలోని గ్రాఫ్టన్‌లో జన్మించి, వాషింగ్టన్ నగరంలో పెరిగింది. పారిస్‌లోని అకాడెమీ జూలియన్‌లో చిత్రలేఖనం అభ్యసించింది. స్వదేశానికి తిరిగివచ్చి పత్రికలకు వ్యాసాలు వ్రాస్తున్న రోజులలో, కుటుంబ మిత్రుడైన జార్జి ఈస్ట్‌మన్ (కొడాక్ సంస్థ స్థాపకుడు) ఆమెకు మొదటి కెమెరా ఇచ్చాడు. స్మిత్సోనియన్ సంస్థలోని థామస్ స్మిల్లీ వద్ద మెళకువలు నేర్చుకొని, 1890ల మధ్యకాలంలో వాషింగ్టన్‌లో సొంత స్టూడియో నెలకొల్పింది.

1899లో వర్జీనియాలోని హాంప్టన్ విద్యాసంస్థలో నల్లజాతి విద్యార్థులను, అమెరికా ఆదివాసీ విద్యార్థులను తరగతి గదులలో చిత్రించింది. ఆ చిత్రాలు 1900 పారిస్ ప్రదర్శనలో ఉంచబడ్డాయి. 1901లో బఫెలో నగరంలో అధ్యక్షుడు మెకిన్లీ కాల్పులకు గురికావడానికి కొద్దికాలం ముందు ఆయన ఫోటోలు తీసింది కూడా ఈమెయే. తరువాత న్యూయార్క్‌లో భవనాలు, ఉద్యానవనాల చిత్రీకరణ చేపట్టింది.

కట్టడాల చిత్రీకరణ

1927లో వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ సమీపాన గల చాథమ్ అనే పాత భవంతిని చిత్రించే పని ఆమెకు లభించింది. అది ఒక్క ఇంటితో ఆగక ఆ ఊరికీ, పొరుగునున్న ఫాల్మత్‌కూ విస్తరించింది. ఆ చిత్రాల ప్రదర్శన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దృష్టిని ఆకర్షించింది. 1930లో ఆ గ్రంథాలయం తొలికాలపు అమెరికన్ వాస్తుకళకు ఒక చిత్రభాండాగారాన్ని ప్రారంభించింది. నిరుద్యోగులైన వాస్తుశిల్పులకు ఉపాధి కల్పిస్తూ, చారిత్రక కట్టడాల కొలతలను, పటాలను సేకరించే ప్రభుత్వ సర్వే మొదలైనది 1933లో. అంటే జాన్‌స్టన్ కృషి దానికంటే ముందుది.

కార్నెగీ కార్పొరేషన్ ఆర్థిక సహాయంతో 1930లలో ఆమె వర్జీనియా, మేరీలాండ్, ఉత్తర కరోలినా, దక్షిణ కరోలినా, జార్జియా, అలబామా, లూసియానా రాష్ట్రాలలో కారులో విస్తృతంగా పర్యటించింది. ఫ్లోరిడా, మిసిసిపీలలో తీసినవి తక్కువ. మొత్తం మీద సుమారు 1,700 కట్టడాలకు, స్థలాలకు సంబంధించి 7,100కు పైగా చిత్రాలు సమకూరాయి.

స్తంభాల మండపాలు గల పెద్ద భవంతులను ఎవరైనా చిత్రిస్తారు. జాన్‌స్టన్ వాటితోపాటు వంటశాలలను, పిండిమరలను, ధాన్యపు కొట్లను, బానిసలు నివసించిన గుడిసెలను కూడా వదలలేదు. భవంతుల వైభవం ఎవరి శ్రమపై నిలిచిందో ఆ గుడిసెల చిత్రాలు తెలుపుతాయి. చిత్రించిన కట్టడాలలో అనేకం తరువాత కూలిపోయాయి. పునరుద్ధరణ చేసేవారికి, పరిశోధకులకు ఈ చిత్రాలు ముఖ్యమైన ఆధారం.

చివరి దశ

1940లలో ఆమె న్యూ ఆర్లియన్స్‌లోని బర్బన్ వీధిలో పాత ఇల్లు కొనుక్కొని స్థిరపడింది. 1945లో అమెరికన్ వాస్తుశిల్పుల సంస్థ ఆమెకు గౌరవ సభ్యత్వం ఇచ్చింది. ఆమె అవివాహిత. 88వ ఏట న్యూ ఆర్లియన్స్‌లోనే మరణించింది. ఉత్తర కరోలినా కట్టడాలపై ఆమె చిత్రాలతో 1941లో ఒక గ్రంథం వెలువడింది. జార్జియా చిత్రాల గ్రంథం మాత్రం ఆమె మరణించిన అయిదేళ్ళకు, 1957లో అచ్చయింది.