యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) ఆంధ్రదేశానికి చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫరస్ సమ్మేళనాలను గుర్తించిన వారిలో ఒకడు. ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారుచేసే పద్ధతి, బోదకాలు వ్యాధికి మందు, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ ఈయన అధ్వర్యంలోని పరిశోధనాలయం నుండే వెలువడ్డాయి. సాధారణంగా ఈయనను క్యాన్సర్ మందుల సందర్భంలో తలచుకొంటారు. అయితే ఎముకలు, దంతాల వైద్యంలో కూడా ఈయన కృషి ఫలితాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. పన్ను తీసిన తరువాత ఏర్పడే గుంటను ఎముక పొడితో నింపే చికిత్సకు కూడా వీటితో సంబంధం ఉన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. బాల్యం పేదరికంలో గడచింది. చదువుపై శ్రద్ధ కుదరక, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించి బడిలో చేర్పించింది. చివరకు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలోను, మద్రాసు వైద్య కళాశాలలోను చదివాడు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది.

జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించడం వల్ల శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురయ్యాడు. తత్ఫలితంగా ఈయనకు యం.బి.బి.యస్. బదులు అంతకంటే తక్కువదైన యల్.యం.యస్. పట్టా మాత్రమే లభించింది. ఉద్యోగం దొరకక, ఆచంట లక్ష్మీపతి నిర్వహిస్తున్న ఆయుర్వేద కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో సోదరులు మరణించడం ఈయనను వైద్యపరిశోధన వైపు మళ్ళించిన ముఖ్యమైన సంఘటన.

అమెరికా ప్రయాణం

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చేసిన ధన సహాయంతో 1923లో బోస్టన్ నగరం చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో ప్రవేశించాడు. పొట్ట పోసుకొనడానికి ఆసుపత్రిలో రాత్రివేళల చిన్న పనులు చేయవలసి వచ్చింది. తిరిగి స్వదేశానికి రాలేదు. భార్యను మరల చూడలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు.

ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి

డిప్లొమా పొందిన తరువాత సుబ్బారావు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కె వద్ద చేరాడు. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కచ్చితంగా కొలవడం ఆనాడు కష్టసాధ్యమైన పని. అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులలో రంగు నిలకడగా ఉండేది కాదు. వీరిద్దరు కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి ఈ చిక్కును తొలగించింది. ఇందులో ఫాస్ఫేటు ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేటుతో కలుస్తుంది. దానిని అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత గాఢంగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఈ పద్ధతి ఫిస్కె - సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా ప్రయోగశాలలలో స్థిరపడింది. నేటి యంత్రాలలో అనేకం నీలిరంగు తెప్పించే మెట్టును విడిచిపెట్టి, ఫాస్ఫేటు మాలిబ్డేటుతో ఏర్పరచే సమ్మేళనాన్ని నేరుగా అతినీలలోహిత కాంతిలో కొలుస్తాయి. మూలమైన రసాయనచర్య మాత్రం అదే.

ఈ కొలమానమే వీరికి తరువాతి అన్వేషణలకు దారి చూపింది. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎటిపి అనే శక్తివాహక సమ్మేళనాన్ని వేరు చేశారు. ఎటిపిని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. సుబ్బారావుకు 1930లో డాక్టరేటు లభించినా, హార్వర్డులో శాశ్వత పదవి మాత్రం లభించలేదు.

ఎముకకు ఫాస్ఫరస్‌కు గల సంబంధం

శరీరంలోని ఫాస్ఫరస్‌లో అధికభాగం ఎముకలు, దంతాలలోనే కాల్షియంతో కలిసి ఉంటుంది. అందువల్ల రక్తంలోని ఫాస్ఫరస్ కొలత ఎముకల ఆరోగ్యాన్ని పరీక్షించడానికి ఒక ముఖ్య సాధనం. ఎముక లోపాలను కాల్షియం ఫాస్ఫేటుతో నింపవచ్చునన్న ఆలోచన కూడా ఈ కాలానిదే. అమెరికా శస్త్రవైద్యుడు ఫ్రెడ్ ఆల్బీ 1920లో అటువంటి ప్రయోగాల ఫలితాలను ప్రచురించాడు. పన్ను తీసిన తరువాత దవడ ఎముక క్రమంగా తరిగిపోతుంది. దవడ పళ్ళ విషయంలో మొదటి ఏడాదిలోనే గట్టు వెడల్పులో సుమారు సగం తగ్గుతుందని, అందులో అధికభాగం తొలి మూడు నెలలలోనే జరుగుతుందని 2003లో ప్రచురితమైన ఒక పరిశీలన తెలిపింది. ఈ తరుగును తగ్గించి, తరువాత కృత్రిమ దంతం అమర్చడానికి చోటు నిలపడం కోసం వైద్యులు గుంటలో ఎముక పొడి నింపుతారు. రోగి సొంత ఎముక, దాతల నుండి సేకరించి శుద్ధి చేసిన ఎముక, పశువుల ఎముక నుండి తయారుచేసిన ఖనిజం, కృత్రిమమైన హైడ్రాక్సీ అపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేటు ఇందుకు వాడే పదార్థాలు. ఏది వాడినా తరుగును తగ్గించడమే గాని పూర్తిగా ఆపడం సాధ్యం కాదు. ఈ పదార్థాలను సుబ్బారావు తయారుచేయలేదు.

శ్రీకాకుళం జిల్లాలో ఈ కొలతకు మరొక ప్రాధాన్యం ఏర్పడింది. కవిటి, సోంపేట, కంచిలి మొదలైన మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వేలాది కుటుంబాలను పీడిస్తున్నది. దీనికి కారణం ఇదమిత్థంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఈ వ్యాధి కోసం ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. మూత్రపిండాలు చెడినప్పుడు ఫాస్ఫరస్ బయటకు పోక రక్తంలో పేరుకొంటుంది. పారాథైరాయిడ్ హార్మోను పెరిగి ఎముకల నుండి కాల్షియం తరలిపోతుంది. దవడ ఎముక కూడా పలుచబడుతుంది, పంటి వేరు చుట్టూ ఎక్స్‌రేలో కనిపించే తెల్లని గీత మాసిపోతుంది. ఇటువంటి రోగికి పన్ను తీయడానికి, గుంటలో ఎముక నింపడానికి ముందు వైద్యుడు రక్తపరీక్షలు చూడవలసి ఉంటుంది. అందులో ఫాస్ఫరస్ ఒకటి.

లెడర్లీ ప్రయోగశాల

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనా విభాగానికి డైరెక్టరయ్యాడు. 1945లో ఈయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఇది ఔషధమైంది. ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే అమినాప్టెరిన్‌ను ఇదే ప్రయోగశాల సిద్ధం చేయగా, సిడ్నీ ఫార్బర్ దానితో రక్తక్యాన్సర్ పీడిత బాలలకు తాత్కాలిక ఉపశమనం కలిగించి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ దీని సోదర ఔషధం.

1947లో వెలువడిన హెట్రజాన్ (డై ఇథైల్ కార్బమజీన్) బోదకాలు వ్యాధికి మందు. ఈ వ్యాధి చిరకాలంగా వ్యాపించి ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఇది బాగా పరిచితమైన మాత్ర. 2004 నుండి జాతీయ కార్యక్రమంలో భాగంగా సంవత్సరానికి ఒకసారి ఇంటింటికీ తిరిగి మాత్రలు పంచినప్పుడు వాటిని మింగినవారిలో చాలామందికి వాటి వెనుక భీమవరంలో పుట్టిన మనిషి ఉన్నాడని తెలియదు.

ఆరియోమైసిన్, దంతవైద్యం

మిస్సోరీ నేలలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అనే సూక్ష్మజీవి నుండి బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను వేరుచేశాడు. డగ్గర్ విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన పనిచేసినది సుబ్బారావు నడిపిన పరిశోధనా విభాగంలో. 1948లో మందును ప్రకటించినప్పుడు ఖ్యాతి డగ్గర్‌కు దక్కింది. సుబ్బారావు తన సహచరులను ముందు నిలబెట్టి, తాను వెనుక ఉండేవాడు. ఇది గొప్ప గుణమే అయినా, ఈయన పేరు మరుగున పడడానికి కూడా ఇదే ప్రధాన కారణం.

టెట్రాసైక్లిన్ వర్గపు మందులకు కాల్షియంతో గట్టిగా బంధం ఏర్పరచుకొనే లక్షణం ఉన్నది. పెరుగుతున్న ఎముకలోను, పంటిలోను చేరి అక్కడే నిలిచిపోతాయి. గర్భిణులకు, పసిపిల్లలకు ఇస్తే పళ్ళు పసుపు, గోధుమ రంగులకు మారుతాయని 1950ల చివరలో తెలియవచ్చింది. ఈ దోషమే మరొక విధంగా ఉపకరించింది. అతినీలలోహిత కాంతిలో ఈ మందు పసుపుపచ్చగా మెరుస్తుంది. కొన్ని రోజుల వ్యవధితో రెండుసార్లు మందు ఇచ్చి, తరువాత ఎముక ముక్కను పరీక్షిస్తే రెండు గీతలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం ఎముక పెరుగుదల వేగాన్ని తెలుపుతుంది. మూత్రపిండ రోగుల ఎముకలను పరీక్షించడానికి ఈ పద్ధతి వాడతారు. నింపిన గుంటలో కొత్త ఎముక ఎంత ఏర్పడిందో జంతువులలో తెలుసుకొనడానికి కూడా వాడారు.

పన్ను తీసిన గుంటలో రక్తపు గడ్డ ఊడిపోయి తీవ్రమైన నొప్పి రావడాన్ని నివారించడానికి కొందరు వైద్యులు టెట్రాసైక్లిన్‌ను గుంటలోనే ఉంచారు. దాత ఎముక పొడిలో దీనిని కలిపి వాడినవారు కూడా ఉన్నారు. అలా కలపడం వల్ల అదనపు ప్రయోజనం ఉన్నదా అనే విషయంలో పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. కొన్నింటిలో మేలు కనిపించగా, మరికొన్నింటిలో తేడా కనిపించలేదు.

మరణం, గుర్తింపు

1948 ఆగష్టులో సుబ్బారావు పెర్ల్ రివర్‌లోని తన నివాసంలో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయస్సు 53 సంవత్సరాలు. భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే అవకాశాన్ని 1946లో చట్టం కల్పించినా, ఈయన ఆ పౌరుడు కాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఈయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఈయన స్మారకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది.