అగస్టస్ చక్రవర్తి – వెండి నాణెంపై వారసులు

రోమక సామ్రాజ్య స్థాపకుడైన అగస్టస్ క్రీ.పూ. 63 సెప్టెంబరు 23న జన్మించాడు. జూలియస్ సీజర్‌కు అతడు సోదరి మనుమడు. క్రీ.పూ. 44లో సీజర్ హత్యకు గురికాగా, వీలునామా ప్రకారం 18 ఏండ్ల ఆ యువకుడు దత్తపుత్రుడైనాడు. క్రీ.పూ. 31లో ఆక్టియం నౌకాయుద్ధంలో ఆంటొనీని, క్లియోపాత్రాను ఓడించి, మరుసటి ఏడు ఈజిప్టును వశపరచుకొన్నాడు. దానితో ఎర్రసముద్రం మీదుగా భారతదేశంతో రోమక వర్తకం విస్తరించింది. క్రీ.పూ. 27లో సెనేటు సభ అతనికి అగస్టస్ అను బిరుదమొసగింది.

అంతటి విజేతకు మగసంతానం లేదు. కుమార్తె జూలియా కన్న గాయస్, లూసియస్‌లను దత్తత చేసికొని, వారిలోనే రాజ్య భవిష్యత్తును చూచుకొన్నాడు. ఫ్రాన్సులోని లియాన్ నగరపు టంకశాలలో ముద్రితమైన వెండి దీనారియస్‌పై ఒకవైపు ఆకుల దండ శిరమున ధరించిన చక్రవర్తి, మరొకవైపు డాళ్లు, ఈటెలతో నిలిచిన మనుమలిద్దరు కనబడుదురు. ఆయన 60 ఏండ్లు దాటినా, నాణెంపై ముఖం మాత్రం యువకునిదే. తన వంశం చిరస్థాయి అని ప్రజలకు చాటుటకే ఆ చిత్రణ.

విధి వేరుగా తలచింది. క్రీ.శ. 2లో లూసియస్, 4లో గాయస్ మరణించారు. క్రీ.శ. 14 ఆగస్టు 19న అగస్టస్ కన్నుమూయగా, సవతి కుమారుడు టైబీరియస్ గద్దెనెక్కాడు.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమక వెండి నాణెములు లభించినవి. అవి ప్రధానంగా ఈ ఇరువురి కాలమునాటివి. మన పూర్వులు వాటిలో చూచినది రాజవంశాన్ని కాదు, మేలిమి వెండిని. వారసులు దక్కకున్నా, దీనారియస్ పేరు మాత్రం సంస్కృతమున దీనారముగా, అరబ్బీ, ఉర్దూలలో దీనార్‌గా నిలిచింది.