గుంపే యొకోయి

గుంపే యొకోయి (సెప్టెంబరు 10, 1941 - అక్టోబరు 4, 1997) జపాను దేశానికి చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, ఆటవస్తువుల రూపకర్త. ఇతడు క్యోటో నగరంలోని నింటెండో కంపెనీలో 31 సంవత్సరాలు పనిచేశాడు. చేతిలో పట్టుకొని ఆడుకునే గేమ్ అండ్ వాచ్ (1980), గేమ్ బాయ్ (1989) యంత్రాలు ఇతని నాయకత్వంలో తయారయ్యాయి. వీడియో గేములలో బొమ్మను నాలుగు దిక్కులకూ నడిపే కూడిక గుర్తు ఆకారపు బటన్ కూడా ఇతని ఆలోచనే. సరికొత్త సాంకేతికత వెంట పరుగెత్తకుండా, బాగా వాడుకలో ఉన్న చవకైన సాంకేతికతను కొత్త పనికి ఉపయోగించాలన్నది ఇతని సూత్రం. ఇతడు మరణించిన మరుసటి సంవత్సరం నుండి గేమ్ బాయ్ ఒక సంగీత వాద్యంగా కూడా వాడుకలోకి వచ్చింది. ఆట కోసం చేసిన యంత్రం వాద్యంగా మారటానికి ఈ సూత్రం చాలావరకు దోహదం చేసింది.

విద్యాభ్యాసం, ఉద్యోగం

యొకోయి క్యోటోలో జన్మించాడు. అదే నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలలో ఉద్యోగం దొరకకపోవటంతో 1965లో ఇంటికి దగ్గరగా ఉన్న నింటెండోలో చేరాడు. 1889లో స్థాపించబడిన ఈ కంపెనీ అప్పటికి ప్రధానంగా హనాఫుదా అనే జపాను సంప్రదాయపు పేకముక్కలను తయారుచేసేది. పేకముక్కలు తయారయ్యే యంత్రాలు సక్రమంగా నడిచేలా చూడటం యొకోయి పని.

ఆ పనిలో తీరిక ఎక్కువగా ఉండేది. ఆ తీరికలో ఇతడు కర్ర పట్టీలను కత్తెర ఆకారంలో అతికించి, దూరంగా ఉన్న వస్తువును పట్టుకొనే ఒక సాగే చేయిని తన వినోదం కోసం తయారుచేసుకున్నాడు. కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమావుచి దానిని చూశాడు. పని మాని ఆడుకుంటున్నందుకు మందలింపు తప్పదని యొకోయి అనుకున్నాడు. యమావుచి మాత్రం దానిని అమ్మకపు వస్తువుగా రూపొందించమని ఆదేశించాడు. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో విడుదలైన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ తరువాత యొకోయి యంత్రాల నిర్వహణ వదలి ఆటవస్తువుల రూపకల్పనకు మారాడు.

ఆటబొమ్మలు

1969లో వచ్చిన లవ్ టెస్టర్ ఇతని పద్ధతికి మంచి ఉదాహరణ. ఇద్దరు వ్యక్తులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని, రెండవ చేతులతో లోహపు పిడులను పట్టుకుంటే వారి శరీరాల గుండా అతి స్వల్పమైన విద్యుత్తు ప్రవహిస్తుంది. దానిని కొలిచి, ఆ కొలతను ప్రేమ పరిమాణంగా ముల్లుతో చూపేవారు. విద్యుత్తును కొలిచే మీటరు ఎంతో పాత పరికరం. దానిని వాడిన సందర్భం మాత్రమే కొత్తది.

1970లో కాంతితో పనిచేసే తుపాకీ బొమ్మలు వచ్చాయి. సూర్యకాంతి నుండి విద్యుత్తు పుట్టించే సౌర ఘటాన్ని వీటిలో గురిపెట్టవలసిన లక్ష్యంగా వాడారు. ఇదే దశాబ్దపు తొలి సంవత్సరాలలో నింటెండో ఎలె-కాంగా అనే ఎలక్ట్రానిక్ తాళవాద్యాన్ని కూడా అమ్మింది. చిల్లులు పెట్టిన కాగితపు బిళ్ళల సాయంతో దానిని తనంతట తానే మోగేలా చేసే అదనపు పరికరం కూడా దొరికేది. అంటే ఆటబొమ్మకూ వాద్యానికీ మధ్య సరిహద్దు ఆ కంపెనీలో మొదటి నుండీ పలుచగానే ఉండేది.

పాతబడిన సాంకేతికత సూత్రం

యొకోయి తన పద్ధతికి జపాను భాషలో కరేత గిజుత్సు నో సుయిహెయి షికో అని పేరు పెట్టాడు. కరేత అనే మాటకు ఎండిపోయిన అని అర్థం. అయితే జపాను ఇంజనీర్లు ఈ మాటను బాగా పండిన, లోపాలు తీరిన సాంకేతికతకు వాడతారు. అటువంటి సాంకేతికత చవకగా దొరుకుతుంది, దాని స్వభావం అందరికీ తెలుసు, చెడిపోవటం తక్కువ. దానిని మామూలుగా వాడే చోట కాక వేరొక చోట వాడటమే రూపకర్త పని అని ఇతని అభిప్రాయం.

గేమ్ అండ్ వాచ్

1970లలో జపానులో ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్ల కంపెనీల మధ్య తీవ్రమైన పోటీ ఏర్పడి, ద్రవ స్ఫటికపు తెరలు, చిన్న చిప్‌లు చాలా చవకయ్యాయి. ఒకసారి షింకన్‌సెన్ రైలులో ప్రయాణిస్తుండగా, ఒక ఉద్యోగి విసుగు పోవటానికి కాలిక్యులేటరు బటన్లను నొక్కుతూ కాలక్షేపం చేయటం యొకోయి గమనించాడు. దాని నుండి అరచేతిలో ఇమిడే ఆట యంత్రం ఆలోచన పుట్టింది. 1980 ఏప్రిల్‌లో మొదటి గేమ్ అండ్ వాచ్ విడుదలైంది. ఒక్కో యంత్రంలో ఒక ఆట, ఒక గడియారం ఉండేవి. 1991 వరకు సాగిన ఈ వరుసలో ప్రపంచవ్యాప్తంగా 4.34 కోట్ల యంత్రాలు అమ్ముడయ్యాయి.

1982లో వచ్చిన డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ కోసం కూడిక గుర్తు ఆకారపు బటన్‌ను రూపొందించాడు. కంటితో చూడకుండా బొటనవేలి స్పర్శతోనే నాలుగు దిక్కులనూ గుర్తించవచ్చు. మరుసటి సంవత్సరం వచ్చిన ఫ్యామికామ్ యంత్రంలో దీనినే వాడారు. డాంకీ కాంగ్ (1981) ఆట తయారీలో యువకుడైన షిగెరు మియమోటోకు ఇతడు మార్గదర్శిగా వ్యవహరించాడు. మెట్రాయిడ్ (1986) వంటి ఆటలకు నిర్మాతగా ఉన్నాడు.

గేమ్ బాయ్

మార్చుకోగల కార్ట్రిడ్జిలతో అనేక ఆటలు ఆడుకునే చేతి యంత్రంగా గేమ్ బాయ్‌ను యొకోయి బృందం రూపొందించింది. ఇందులో సతోరు ఒకాడా ప్రధాన ఇంజనీరు. తెర విషయంలో ఒక దశలో ఈ పథకమే ఆగిపోయే పరిస్థితి వచ్చింది. మొదట ఎంచుకున్న తెర పక్క నుండి చూస్తే కనిపించేది కాదు. యమావుచి దానిని అంగీకరించలేదు. వేరే రకపు ద్రవ స్ఫటికపు తెరను అమర్చిన తరువాతే పని ముందుకు సాగింది.

ఈ యంత్రం 1989 ఏప్రిల్ 21న జపానులో విడుదలైంది. తెరపై 160 x 144 చుక్కలు, నాలుగు ఛాయలు మాత్రమే ఉండేవి. రంగులు లేవు, తెర వెనుక దీపం కూడా లేదు. అదే సంవత్సరం వచ్చిన అటారీ లింక్స్, 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో దీనికంటే ఎంతో ముందున్నాయి. కాని అవి ఆరు బ్యాటరీలతో కొద్ది గంటలే పనిచేసేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది. అమెరికాలో దాని ధర సుమారు 90 డాలర్లు. లింక్స్ ధర అందుకు రెట్టింపు. చివరకు వినియోగదారులు గేమ్ బాయ్ వైపే మొగ్గు చూపారు. తరువాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి 11.86 కోట్లకు పైగా యంత్రాలు అమ్ముడయ్యాయి.

శబ్ద వ్యవస్థ

గేమ్ బాయ్‌లో శబ్దాన్ని పుట్టించే భాగం ప్రధాన చిప్‌లోనే ఉంటుంది. ఇది ముందుగా రికార్డు చేసిన పాటలను వినిపించేది కాదు. ఆట ఇచ్చే ఆదేశాలను బట్టి శబ్దాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ఇందులో నాలుగు శబ్ద మార్గాలున్నాయి.

- మొదటి రెండు మార్గాలు చతురస్రపు తరంగాలను పుట్టిస్తాయి. తరంగం పై స్థాయిలో ఉండే కాలాన్ని 12.5, 25, 50, 75 శాతాలుగా మార్చుకోవచ్చు. దానిని బట్టి ధ్వని పలుచగానో నిండుగానో వినిపిస్తుంది.
- మూడవ మార్గంలో తరంగం ఆకారాన్ని 32 మెట్లుగా స్వయంగా నిర్ణయించుకోవచ్చు. ఒక్కో మెట్టుకు 16 స్థాయిలు ఉంటాయి. మంద్ర స్వరాలకు దీనిని ఎక్కువగా వాడతారు.
- నాలుగవ మార్గం క్రమం లేని రొదను పుట్టిస్తుంది. తాళవాద్యాల దెబ్బలను దీనితో అనుకరిస్తారు.

యంత్రంలోని స్పీకరు ఒక్కటే. కాని హెడ్‌ఫోన్లు తగిలిస్తే కుడి, ఎడమ చెవులకు వేరువేరుగా శబ్దం వస్తుంది. ఒక్కో మార్గం ఒకసారికి ఒక్క స్వరాన్నే పలుకుతుంది. కొన్ని స్వరాలు కలిసి మోగినట్లు అనిపించాలంటే వాటిని ఒకే మార్గంలో అతి వేగంగా ఒకదాని తరువాత ఒకటి పలికించాలి. గేమ్ బాయ్ సంగీతంలో తరచుగా వినిపించే గలగలమనే ధ్వని ఇలా పుట్టినదే.

వర్చువల్ బాయ్, రాజీనామా

1995లో యొకోయి రూపొందించిన వర్చువల్ బాయ్ విడుదలైంది. కళ్ళకు ఆనించి చూస్తే దృశ్యం లోతుతో కనిపించే యంత్రం ఇది. ఎరుపు కాంతి డయోడ్లు చవక, వాటికి విద్యుత్తు కూడా తక్కువ చాలు. అందువలన తెర మొత్తం ఎరుపు, నలుపు రంగులలోనే ఉండేది. ఈ యంత్రం ప్రజాదరణ పొందలేదు. సుమారు 7.7 లక్షలు మాత్రమే అమ్ముడయ్యాయి. ఏడాది లోపే తయారీ నిలిచిపోయింది. చవకైన భాగాలను ఎంచుకోవటం ఒక్కటే సరిపోదని, వాటికి తగిన పని కూడా కుదరాలని ఈ వైఫల్యం తెలిపింది.

గేమ్ బాయ్‌ను మరింత చిన్నదిగా చేసిన గేమ్ బాయ్ పాకెట్ 1996 జూలైలో విడుదలైంది. ఆ వెంటనే, ఆగస్టు 15న యొకోయి నింటెండోకు రాజీనామా చేశాడు. వర్చువల్ బాయ్ వైఫల్యమే కారణమని ప్రచారం జరిగింది. అది కారణం కాదని ఇతడు వివరణ ఇచ్చాడు. తరువాత క్యోటోలో కోతో అనే సంస్థను స్థాపించి, బండాయి కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే చేతి యంత్రం తయారీలో పాల్గొన్నాడు.

మరణం

1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతంలోని హోకురికు రహదారిపై యొకోయి ప్రయాణిస్తున్న కారు ఒక ట్రక్కును తాకింది. జరిగిన నష్టాన్ని చూడటానికి కారు దిగిన ఇతనిని వెనుక నుండి వచ్చిన మరో కారు ఢీకొన్నది. ఆసుపత్రికి తరలించినా ప్రాణం దక్కలేదు. అప్పటికి ఇతని వయస్సు 56 సంవత్సరాలు. వండర్‌స్వాన్ 1999 మార్చిలో విడుదలైంది. ఒకే ఒక బ్యాటరీతో అది ముప్పై గంటలకు పైగా పనిచేసేది. దానితో పాటు వచ్చిన ఒక పజిల్ ఆటకు ఇతని జ్ఞాపకార్థం గుంపే అని పేరు పెట్టారు.

వాద్యంగా గేమ్ బాయ్

1998 ఫిబ్రవరిలో నింటెండో విడుదల చేసిన గేమ్ బాయ్ కెమెరా కార్ట్రిడ్జిలో ట్రిప్పీ-హెచ్ అనే చిన్న సంగీత రచనా సాధనం కూడా ఉంది. అదే సంవత్సరంలో జర్మనీకి చెందిన ఒలివర్ విట్చావ్ నానోలూప్ అనే సాఫ్ట్‌వేరు తొలి రూపాన్ని తయారుచేశాడు. ఇందులో తెరపై నాలుగు వరుసలలో 16 గడులు కనిపిస్తాయి. ఒక్కో గడి ఒక్కో స్వరానికి స్థానం. ఆవృత్తం ఆగకుండా తిరుగుతుండగానే గడులను మార్చుతూ సంగీతాన్ని వాయించవచ్చు.

2000లో స్వీడన్‌కు చెందిన యోహాన్ కోట్లిన్‌స్కీ లిటిల్ సౌండ్ డీజే అనే సాఫ్ట్‌వేరును రూపొందించాడు. ఇందులో 16 మెట్లు గల చిన్న స్వర ఖండాలను రాసి, వాటిని గొలుసులుగా కూర్చి, ఆ గొలుసులతో పూర్తి పాటను నిర్మిస్తారు. నాలుగు శబ్ద మార్గాలకు నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. ఈ పనులన్నీ గేమ్ బాయ్‌పై ఉన్న దిశల బటన్, మరో నాలుగు బటన్లతోనే జరుగుతాయి. యొకోయి 1982లో బొటనవేలి కోసం చేసిన బటన్ ఈ విధంగా వాద్యకారుని చేతికి చేరింది.

ఇద్దరు ఆటగాళ్ళు పోటీ పడటానికి గేమ్ బాయ్‌లో ఒక తీగను తగిలించే ఏర్పాటు ఉంది. సంగీతకారులు దీనితో రెండు యంత్రాలను కలిపి, రెండూ ఒకే లయలో నడిచేలా చేస్తారు. అప్పుడు శబ్ద మార్గాలు ఎనిమిది అవుతాయి. ఇదే ఏర్పాటు ద్వారా మిడి సంకేతాలను పంపే ఆర్డ్వినోబాయ్ వంటి పరికరాలు తరువాత వచ్చాయి. ఎంజీబీ అనే సాఫ్ట్‌వేరుతో కలిపి వాడినపుడు మామూలు కీబోర్డు మెట్లను నొక్కి గేమ్ బాయ్ శబ్దాలను పలికించవచ్చు.

యంత్రంలో చేసే మార్పులు

గేమ్ బాయ్‌ను మార్పులేమీ లేకుండానే వాయించవచ్చు. కచేరీలలో వాడేవారు సాధారణంగా ఈ మార్పులు చేసుకుంటారు.

- శబ్దాన్ని నేరుగా తీసుకోవటం: యంత్రంలోని చిన్న యాంప్లిఫయరు శబ్దానికి కొంత రొదను కలుపుతుంది. శబ్దాన్ని పెంచి తగ్గించే చక్రం వద్ద, యాంప్లిఫయరుకు ముందే తీగలను అతికించి వేరే సాకెట్టుకు కలిపితే ధ్వని స్పష్టంగా వస్తుంది.
- తెర వెనుక దీపం: చీకటి వేదికపై తెర కనిపించదు కనుక తెర వెనుక దీపపు పలకను అమర్చుతారు.
- కార్ట్రిడ్జి బ్యాటరీ: అనేక కార్ట్రిడ్జిలలో రాసుకున్న పాటలను ఒక చిన్న బ్యాటరీ నిలిపి ఉంచుతుంది. అది అయిపోతే పాటలు చెరిగిపోతాయి. అందుచేత బ్యాటరీని మార్చే ముందు పాటలను కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి.

పెట్టెను తెరవటానికి మూడు కోణాల ప్రత్యేక స్క్రూడ్రైవరు కావాలి. లోపలి రెండు భాగాలను ఒక పలుచని పట్టీ తీగ కలుపుతుంది. దానిని తెగకుండా జాగ్రత్తగా విడదీయాలి. తరువాతి నమూనాల కంటే 1989 నాటి మొదటి నమూనాలో మంద్ర స్వరాలు బలంగా వినిపిస్తాయి కనుక చాలామంది దానినే ఎంచుకుంటారు.

నింటెండో 2003లో గేమ్ బాయ్ తయారీని ఆపివేసింది. 2006లో న్యూయార్క్ నగరంలో బ్లిప్ ఫెస్టివల్ పేరుతో ఇటువంటి సంగీతపు ఉత్సవం మొదలయింది. తయారీ ఆగిపోయినా పాత యంత్రాలు కోట్ల సంఖ్యలో మిగిలి ఉండటం, వాటి నిర్మాణం సులభంగా అర్థం కావటం, సాధారణ బ్యాటరీలతో ఎక్కడైనా పనిచేయటం ఈ సంగీతం నిలవటానికి తోడ్పడ్డాయి. ఈ మూడు లక్షణాలూ యొకోయి సూత్రం నుండి వచ్చినవే. ఆయన చూడని ఈ ఉపయోగంలో, పాతబడిన వస్తువుకు కొత్త పని కల్పించాలన్న ఆ సూత్రం ఆయన యంత్రానికే వర్తించింది.

గుర్తింపు

2003లో అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘం యొకోయికి మరణానంతరం జీవితకాల సాఫల్య పురస్కారాన్ని ప్రకటించింది.

ముఖ్యమైన సంవత్సరాలు

- 1965: నింటెండోలో ఉద్యోగం
- 1966: అల్ట్రా హ్యాండ్
- 1969: లవ్ టెస్టర్
- 1980: గేమ్ అండ్ వాచ్
- 1982: కూడిక గుర్తు ఆకారపు దిశల బటన్
- 1989: గేమ్ బాయ్
- 1995: వర్చువల్ బాయ్
- 1996: నింటెండోకు రాజీనామా, కోతో సంస్థ స్థాపన
- 1997: మరణం
- 1999: వండర్‌స్వాన్