తాతయ్య ఫ్యాను, డీల్ గారి మోటారు

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కోనసీమలో, అంబాజీపేట దగ్గర. తాతయ్య టైలరు. వీధి అరుగు మీద నల్ల ఉషా మిషను, దాని నెత్తిన ఇనప దూలానికి వేలాడే బరువైన సీలింగ్ ఫ్యాను. ఇవే ఆయన ఆస్తి. 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి, రాత్రంతా ఆ ఫ్యానులోకి నీళ్ళు కారాయట. అప్పుడాగింది మళ్ళీ తిరగలేదు. తాతయ్య వేరే ఫ్యాను కొన్నారు గానీ దీన్ని మాత్రం దించనివ్వలేదు.

ఈ సంక్రాంతికి మావయ్యలు ఇల్లు అమ్మేద్దామని తేల్చారు. మిషను ఎప్పుడో పోయింది. ఫ్యానుని పాత ఇనప సామాన్లవాడు కిలోల లెక్కన అడిగాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు. అది మళ్ళీ తిరుగుతుందా అని మాత్రం నన్నడిగింది. మూడో సంవత్సరం ఈఈఈ చదువుతున్నవాణ్ణి, తెలీదని ఎలా చెప్తాను? తిప్పుతానని మాటిచ్చేశా. ఉగాదిలోపు తిప్పకపోతే తూకానికే.

దించాక నేను చేసిన మొదటి పని పెద్ద వెధవ పని. తుప్పు పట్టిందని నేమ్‌ప్లేటు మీద గరుకు కాగితం పెట్టి రుద్దేశాను. కంపెనీ పేరు, నంబరు, అన్నీ ఎగిరిపోయాయి. 220 అనే అంకె, పక్కన సైకిల్స్ అనే మాట మిగిలాయి. పాత ఫ్యాను చేతికొస్తే ముందు ఆ రేకుని ఫోటో తీసుకోండి, తర్వాతే తడిగుడ్డ. రాజమండ్రిలో నాకు పని నేర్పిన వైండింగ్ మేస్త్రీ అప్పుడు నన్ను తిట్టలేదు, నవ్వారు. అదే ఎక్కువ బాధేసింది. హెర్ట్జ్ అనకుండా సైకిల్స్ అని ఉంది కాబట్టి 1960లకి అటూ ఇటూ కావచ్చన్నారు. అయస్కాంతం పెడితే ఒళ్ళంతా అతుక్కుంది, అంటే పోత ఇనుము. లోపల కార్బన్ బ్రష్షులు లేవు, కాబట్టి ఏసీదే.

ఈ బ్రష్షుల గోల ఎక్కడ మొదలైందా అని వెతుకుతుంటే ఫిలిప్ డీల్ గారు తగిలారు. పాత ఫ్యాన్లు సేకరించేవాళ్ళకి ఆయన పేరు కొత్త కాదు. నాకే కొత్త. సీలింగ్ ఫ్యానుకి కరెంటు మోటారు పెట్టింది ఆయనే. అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

డీల్ 1847 జనవరి 29న జర్మనీలోని డాల్షైమ్‌లో పుట్టాడు. 1868లో, ఇరవై ఒక్కేళ్ళకి, ఓడెక్కి న్యూయార్క్ చేరాడు. కొన్ని మెషిన్ షాపుల్లో పనిచేసి, సింగర్ కుట్టు మిషన్ల కంపెనీలో అప్రెంటిస్‌గా కుదిరాడు. తర్వాత చికాగో వెళ్ళాడు. వెళ్ళిన కొద్దికాలానికే, 1871 అక్టోబరులో, ఆ ఊరు తగలబడింది. ఆ మంటల్లో ఆయనకున్నదంతా పోయింది. పరాయి దేశం, ఇరవై నాలుగేళ్ళ వయసు, కట్టుబట్టలు. ఇది చదివినప్పుడు నాకు పెంకులు లేచిపోయిన మా అరుగే గుర్తొచ్చింది. ఎందుకో మరి, నిప్పుకీ నీళ్ళకీ పోలిక లేదు. ఆయన ఊరు వదల్లేదు. 1873లో అక్కడే ఎమిలీని పెళ్ళి చేసుకున్నాడు. 1875లో న్యూజెర్సీలోని ఎలిజబెత్‌కి వచ్చి, సింగర్ ఫ్యాక్టరీలో మిషన్లని మెరుగుపరిచే ప్రయోగాల పని చేపట్టాడు. మరుసటేడు కూతురు పుట్టింది.

అప్పటిదాకా చాలా మిషన్లలో కింది దారం పడవలాంటి షటిల్‌లో ఉండి, మగ్గంలో నాడెలా అటూ ఇటూ పరుగులు పెట్టేది. సింగర్‌లోనే పనిచేసే లెబియస్ మిల్లర్‌తో కలిసి డీల్ దాన్ని మార్చాడు. షటిల్ పరిగెత్తక్కర్లేదు, ఉన్నచోటే అర్ధచక్రంలా ఊగితే చాలు. ఆ పద్ధతితో వచ్చిన మిషను వంశంలోదే తర్వాత సింగర్ పదిహేనో నంబరు. ప్రపంచమంతా దానికి నకళ్ళు చేసింది. మన ఇళ్ళలో తొక్కే నల్ల మిషన్లు చాలావరకు ఆ కుదురువే. ఈసారి బాబిన్ కేసు తీసినప్పుడు చక్రం మెల్లగా తిప్పి చూడండి, ఊగుతుంది.

అంటే తాతయ్య కాళ్ళ దగ్గరున్నదీ, తల మీదున్నదీ ఒకే మనిషి చెయ్యి పడినవి. ఇది తెలిసిన రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు.

ఇక మోటారు సంగతి. కాలితో తొక్కే పని తప్పించాలని డీల్ మిషనుకి సరిపోయే చిన్న మోటారు మీద పడ్డాడు. 1882లో ఎడిసన్ న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ కేంద్రం తెరిచాడు. వీధుల్లోకి కరెంటొస్తోంది గానీ అప్పటికి దాంతో దీపాలు తప్ప వెలిగించేది పెద్దగా లేదు. సీలింగ్ పంకాలు అమెరికాలో అంతకుముందే ఉన్నాయి. ఆవిరితోనో నీటి బలంతోనో తిరిగే ఇరుసు నుంచి బెల్టులు లాగి, వరసగా అన్నిటినీ తిప్పేవాళ్ళు. మన కచేరీల్లోనైతే గుడ్డ పంఖా, దాని తాడు లాగడానికి గోడవతల ఓ మనిషి. డీల్ చేసిందల్లా తన మిషను మోటారుకి రెక్కలు తగిలించి కప్పుకి వేలాడదీయడం. బెల్టు లేదు, తాడు లేదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఆ బరువు ఒంటరిగా దించేవరకు. 1880ల చివర్లో పేటెంటు వచ్చింది. తర్వాత దానికే దీపం కూడా తగిలించాడు. 1904లో ఆయన కంపెనీ ఫ్యానుకి బంతి కీలు పెట్టి, కావలసిన వైపు తిప్పుకునేలా చేసింది. అటూ ఇటూ తల తిప్పే ఫ్యాను అందులోంచే వచ్చింది.

ఆయన బల్బు గురించి మా బ్రాంచి వాళ్ళకి చెప్పకుండా ఉండలేను. ఎడిసన్ బల్బులో తీగలు గాజుని చీల్చుకుని లోపలికి వెళ్ళాలి. 1882లో డీల్ పేటెంటు తీసుకున్న బల్బుకి ఆ తీగలే లేవు. కింద ప్రైమరీ చుట్ట, గాజు లోపల సెకండరీ చుట్ట, దానికి ఫిలమెంటు. ట్రాన్స్‌ఫార్మరు సగం బయట, సగం లోపల! ఫోన్లు వైరు లేకుండా ఛార్జ్ చేసుకునే మనకి ఇది వెంటనే అర్థమవుతుంది. చేయడానికి ఖర్చెక్కువై బజార్లో నిలవలేదు. ఆ హక్కులు వెస్టింగ్‌హౌస్ కొన్నాడనీ, ఆ దెబ్బతో ఎడిసన్ తన రేట్లు తగ్గించాల్సి వచ్చిందనీ అంటారు.

డీల్ మోటారు డీసీది, బ్రష్షులూ కామ్యుటేటరూ ఉన్నది. బ్రష్షులు అక్కర్లేని ఏసీ మోటారుకి టెస్లా 1888లో పేటెంటు పొందాడు. కాబట్టి నిజం చెప్పాలంటే మా ఫ్యాను లోపలిది టెస్లా వంశం, వేలాడే తీరు డీల్‌ది. ఆయన 1913 ఏప్రిల్ 7న కన్నుమూశాడు. ఆయన పేరుతో నడిచిన కంపెనీని తర్వాత సింగరే కొనేసింది.

మా ఫ్యానుకి మూడు తీగలు. రెండేసి తీగల మధ్య ఓమ్స్ కొలిస్తే, పెద్ద కొలత మిగతా రెండింటి మొత్తానికి సరిపోయింది. అంటే వైండింగు తెగలేదు. కానీ మెగ్గర్ పెడితే ఒక మెగోమ్ కూడా రాలేదు, తేమ. అట్టపెట్టెలో వంద వాట్ల బల్బు పక్కన రెండు రోజులు ఉంచాం. కొలత పెరిగాక వార్నిష్ పోశాం. తీగ తీసి కొత్తగా చుట్టేస్తే ఒక పూటలో అయిపోయేది. మేస్త్రీ గారు ఒప్పుకోలేదు, పాత రాగి బాగున్నప్పుడు కదపకూడదట. రాయిలా గట్టిపడిన గ్రీజు కిరసనాయిల్లో నానబెట్టి కడిగి, బేరింగులు మార్చాం. రెండున్నర మైక్రోఫారడ్ కండెన్సర్ కొత్తది. రెక్కలకి తాతయ్య సుద్దముక్కతో, బట్టల మీద గీసినట్టే, ఒకటీ రెండూ మూడూ వేసి ఉంచారు లోపలివైపు. వాటిని మాత్రం రుద్దలేదు. ఆ వరసలోనే బిగించాం.

మొదట సీరీస్ బల్బుతో చూశాం. తర్వాత నేరుగా ఇచ్చాం. ఓ మూలుగు మూలిగి, తిరిగింది.

ఇప్పుడది రాజమండ్రిలో మా ఇంటి హాల్లో ఉంది. ఉగాది నాడు అమ్మమ్మ దాని కింద కుర్చీ వేసుకుని, కాస్త తగ్గించమంది. పాత రెగ్యులేటర్ రెండో నంబరు మీద బాగానే తిరుగుతోంది, ఒకటి మీద పెడితే ఆగిపోతోంది. లోపల రెసిస్టెన్స్ తీగ ఒకచోట తెగినట్టుంది. సెమిస్టర్ పరీక్షలయ్యాక దాని సంగతి చూడాలి.